ఎడబాటైనను వీడని బాధ్యత

ఆలుమగలు విడిపోవునపుడు ఎవరి బాధ్యత యెంత యని మన ధర్మశాస్త్రములును, పిదప చట్టములును ఏమి చెప్పినవో నేడు మనవి చేయుదును. ఇది ముచ్చటగా చెప్పుకొను విషయము కాదు. అయినను తగవులు తీర్చు పెద్దలకు తెలియక తీరదు.

హిందూధర్మమున విడాకులే లేవని బాల్యమున గురువుల యొద్ద వింటిని. అది సగము నిజము. 1909లో శామశాస్త్రిగారు మైసూరున అచ్చు వేయించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున, ధర్మవివాహములకు విడుదల లేదని చెప్పుచునే, తక్కినవానియందు పరస్పరద్వేషమున్నచో విడిపోవచ్చునని యున్నది. భార్య తప్పిదమువలన భర్తయే విడుదల కోరినను, ఆమెయొద్ద గైకొన్నది తిరిగి యీయవలెను. యాజ్ఞవల్క్యుడు మరియొక మాట చెప్పెను: అనుకూలవతియు, సమర్థురాలును, పుత్రవతియు, ప్రియభాషిణియు నగు భార్యను విడిచినవానిచేత ఆస్తిలో మూడవపాలు ఇప్పింపవలెను, ఆస్తి లేనిచో పోషణమైన జరుపవలెను. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరవ్యాఖ్య ననుసరించియే 13వ శతాబ్దమున మూలఘటిక కేతన తెనుగు పద్యములలో విజ్ఞానేశ్వరీయము వ్రాసెను.

అనేక కులములలో పంచాయతీలు విడుపులును, మారుమనువులును నడపుచుండెడివి. 1949లో మద్రాసు రాష్ట్రమునను, 1955లో దేశమంతటికిని హిందువుల విడాకులకు చట్టము వచ్చెను. 1955 చట్టము ఆచారసిద్ధమైన విడుపును త్రోసివేయలేదు. కాని ఆ యాచారము రుజువు కావలెను. లేనిచో న్యాయస్థానపు డిక్రీయే ప్రమాణము. వ్యాజ్యము నడచు కాలమున ఖర్చులు, పిదప మనోవర్తి, బిడ్డల సంరక్షణ, ఇవన్నియు న్యాయాధిపతి విచారింపవలసినవే. 1984 నాటి చట్టమున ఏర్పడిన కుటుంబ న్యాయస్థానములు మొదట రాజీకి యత్నింపవలెను.

నా తప్పు నొకటి చెప్పెదను. పదునైదేండ్ల క్రిందట మా యూర నొక విడుపుకాగితము వ్రాయుటకు, దస్తూరి బాగుండునని నన్ను పిలిచిరి. "ఇకమీద ఒకరిపై నొకరికి ఏ హక్కును లేదు" అని పెద్దలు చెప్పినట్లే వ్రాసితిని. సంతకములైన పిమ్మట ఆ యమ్మాయి చంకబిడ్డతో నాయొద్దకు వచ్చి, "పంతులుగారూ, అందులో వీడి పాలకేమి వ్రాసినారండీ?" అని యడిగెను. ఏమియు లేదు. మూడవపాలు శ్లోకమును కంఠస్థము చేసిన నాకే అది తోచలేదు. కాగితము తిరుగ వ్రాయుటకు మగడు సమ్మతింపలేదు. ఆమె న్యాయస్థానము చుట్టు తిరిగి బిడ్డకు మనోవర్తి తెచ్చుకొనుటకు మూడేండ్లు పట్టెను. తండ్రి పోషింపవలసిన బిడ్డ హక్కును వదలివేయుటకు మేమెవరము?

కావున పెద్దలారా, మొదట కలుపుటకు యత్నింపుడు. అది సాగనిచో ఆమె పుట్టింటినుండి తెచ్చిన నగలు, పాత్రలు, రొక్కము పట్టీ వేసి ఇప్పింపుడు. ఆమెకు మనోవర్తియు, బిడ్డకు తిండియు, చదువును ఎవరు, ఎంత, ఏ తేదీన ఇత్తురో వ్రాయింపుడు. ఆ కాగితముతో ఇరువురను న్యాయస్థానమునకు పంపుడు. ముందు బిడ్డ పాలు వ్రాయుడు, సంతకములు తరువాత.