లెక్కల లేని చెవుడు

1995 వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలనే గుర్తించింది. బాగా వినబడే చెవిలో 60 డెసిబెల్సు పోతేనే దాని లెక్కల చెవుడు. కరీంనగర్‌ల పరీక్ష చేసి నా చెవులు మంచిగున్నయన్నరు. నిజమే, చప్పుడంతా వినబడ్తది. నలుగురు ఒక్కసారి మాట్లాడితే ఏ మాట ఏదో విడివడదు. చట్టం పెట్టని పేరు బడి పెట్టింది: మొద్దోడు. మాదిగోల్ల పిల్లగానికి సమజ్ కాకుంటే చెవి సంగతి ఎవడడుగుతడు? కులమే జవాబాయె.

2016 చట్టం జాబితాను 21కి పెంచింది. విన్న భాషను మెదడు సరిగ్గా పట్టుకోలేకపోవడం కూడా అభ్యసన వైకల్యం నిర్వచనంలో ఇముడుతుంది. కానీ శ్రవణ గ్రహణ లోపమనే పేరు అందులో లేదు.

ఇప్పుడు ఆదిలాబాద్‌ల పాఠం చెప్తున్న. గోండు పిల్లలకు ఇంట్ల గోండి, బడిల తెలుగు. పిలిస్తే పలకనోనికి భాష రాలేదా, మాట తెగి చేరిందా? రేకుల మీద వాన పడితే వాళ్లకూ నాకూ పాఠం ఒక్కతీరే పోతది. స్టాఫ్‌రూంల మాత్రం వాళ్లకూ అదే పేరు.