లైనక్స్ కోసం ల్యాప్‌టాప్ కొంటున్నారా? బ్రాండ్ కంటే ముందు వైఫై చిప్ చూడండి!

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పటి నుంచి ఉబుంటు, లైనక్స్ మింట్ పేర్లు ఎక్కువగా వినిపిస్తున్నాయి. ఇవి ఉచితమే. కానీ ల్యాప్‌టాప్ ఉచితం కాదు కదా! వేలు పోసి కొన్నాక వైఫై రాకపోతే?

అసలు చిక్కు ఇక్కడే. షాపుకెళ్లి ఏ బ్రాండ్ మంచిదని అడుగుతాం. లైనక్స్‌కు మాత్రం లోపలున్న చిప్‌లే ముఖ్యం. ఇంటెల్ వైఫై చిప్‌ల డ్రైవర్లు లైనక్స్ కెర్నెల్‌లోనే ఉంటాయి కాబట్టి సాధారణంగా ఇన్‌స్టాల్ చేయగానే పనిచేస్తాయి. బ్రాడ్‌కామ్ చిప్‌లలో కొన్నింటికి డ్రైవర్ విడిగా వేసుకోవాలి. డౌన్‌లోడ్ చేద్దామంటే నెట్ ఉండదు! అలాంటప్పుడు ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే గట్టెక్కొచ్చు. రియల్‌టెక్, మీడియాటెక్ కొత్త చిప్‌లకు కొత్త కెర్నెల్ ఉన్న వెర్షన్ కావాలి. ఒకే పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లలోనూ వేర్వేరు వైఫై కార్డులు ఉండొచ్చు. అందుకే పూర్తి మోడల్ నంబర్ చూడాల్సిందే.

గ్రాఫిక్స్ విషయంలో ఇంటెల్, ఏఎండీలతో పెద్దగా ఇబ్బంది ఉండదు. ఎన్విడియా కూడా పనిచేస్తుంది, కాకపోతే డ్రైవర్ పని కాస్త ఎక్కువ. గేమింగ్ అవసరం లేకపోతే దాని జోలికి వెళ్లకపోవడమే మేలు. ఫింగర్‌ప్రింట్ సెన్సర్ మాత్రం చాలా మోడళ్లలో పనిచేయదు. స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ల్యాప్‌టాప్‌లకు లైనక్స్ సపోర్ట్ ఇంకా పూర్తిగా కుదరలేదు. మొదటిసారి వాడేవాళ్లు వాటిని పక్కన పెట్టడం మంచిది.

డాస్‌తో వచ్చే ల్యాప్‌టాప్ తక్కువ ధరకే దొరుకుతుంది. అంటే అందులో విండోస్ లేదని మాత్రమే అర్థం. లైనక్స్‌కు సరిపోతుందని గ్యారంటీ కాదు.

మరి ముందే తెలుసుకోవడం ఎలా? ఉబుంటు తయారీ సంస్థ కెనానికల్ తాను పరీక్షించిన మోడళ్ల జాబితాను తన సైట్‌లో ఉంచుతుంది. డెల్, లెనోవో, హెచ్‌పీ మోడళ్లు అందులో చాలానే ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ అయితే ఇంకా సులువు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు ఎక్కించుకుని వెళ్లండి. ఇన్‌స్టాల్ చేయకుండానే ‘ట్రై ఉబుంటు’ ఆప్షన్‌తో నడుస్తుంది. వైఫై, సౌండ్, కెమెరా, టచ్‌ప్యాడ్ చూడండి. మూత మూసి తెరిచాక స్క్రీన్ వెలుగుతోందా లేదా అన్నది తప్పకుండా చూడండి, చాలామంది మర్చిపోయేది అదే.

ఇంకో మాట. ఎంఎస్ ఆఫీస్ డెస్క్‌టాప్ వెర్షన్ లైనక్స్‌కు లేదు. కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది. ఇంట్లో విద్యార్థులుంటే కాలేజీలో ఒకసారి అడిగాకే విండోస్ తీసేయండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి.