ఓవర్‌టైమ్ నెలనెలా మారితే.. చాప్టర్ 13 దివాలాలో వాయిదా ఎలా లెక్కిస్తారు?

అమెరికాలో అప్పుల్లో కూరుకుపోయిన ఉద్యోగికి ఇల్లు, కారు చేజారకుండా కాపాడుకునే దారి చాప్టర్ 13 దివాలా. కోర్టు పర్యవేక్షణలో 3 నుంచి 5 ఏళ్ల పాటు నెలనెలా ట్రస్టీకి డబ్బు కడితే, ట్రస్టీ దాన్ని అప్పులవాళ్లకు పంచుతారు. చిక్కల్లా ఓవర్‌టైమ్‌తోనే. వాయిదా ప్రతి నెలా కట్టాల్సిందే, ఓటీ మాత్రం ఒక నెల ఉంటే మరో నెల ఉండదు. ఆస్పత్రులు, గోదాముల్లో షిఫ్టులు చేసేవాళ్లకు ఈ తిప్పలు ఎక్కువ.

ఆరు నెలల సగటు

2005లో చేసిన సవరణల ప్రకారం, కేసు వేసిన నెలకు ముందున్న ఆరు పూర్తి నెలల ఆదాయానికి సగటు తీస్తారు. పన్ను కోతకు ముందున్న జీతమే లెక్క. ఓటీ కూడా అందులో కలుస్తుంది.

ఉదాహరణకు ఒకరి మూల జీతం నెలకు 4,000 డాలర్లు అనుకుందాం. ఆరు నెలల ఓటీ వరుసగా 900, 1,200, 0, 600, 1,500, 0. మొత్తం 4,200, సగటు 700. అంటే కాగితం మీద ఆదాయం 4,700 డాలర్లు. ఓటీ లేని నెలలో చేతికొచ్చేది మాత్రం 4,000 మీద జీతమే.

ఈ సగటును 12తో హెచ్చవేసి, అదే రాష్ట్రంలో అంతే మంది ఉన్న కుటుంబాల మధ్యస్థ ఆదాయంతో పోలుస్తారు. తక్కువైతే సాధారణంగా 3 ఏళ్ల ప్లాన్, ఎక్కువైతే 5 ఏళ్లు. అందుకే కేసు ఎప్పుడు వేశారన్నదీ ముఖ్యమే. జనవరిలో వేస్తే జూలై నుంచి డిసెంబర్ వరకు లెక్కలోకి వస్తాయి. పండగ సీజన్‌లో ఓటీ బాగా చేసినవారి సగటు అప్పుడు పెరిగిపోతుంది.

ఓటీ ఆగిపోతే?

2010లో హామిల్టన్ వర్సెస్ లానింగ్ కేసులో సుప్రీంకోర్టు దీనికి దారి చూపింది. పాత యజమాని ఒకేసారి ఇచ్చిన సొమ్ము వల్ల కాన్సాస్‌కు చెందిన ఒక మహిళ ఆరు నెలల సగటు బాగా పెరిగింది. ఆ సగటునే గుడ్డిగా పట్టుకోనక్కర్లేదని, ప్లాన్ ఆమోదించే నాటికి తెలిసిన లేదా దాదాపు ఖాయమైన మార్పులను లెక్కలోకి తీసుకోవచ్చని కోర్టు 8-1 తేడాతో చెప్పింది.

"ఓటీ తగ్గుతుందేమో" అన్న అనుమానం మాత్రం చాలదు. ఓటీ ఆపేస్తున్నట్టు కంపెనీ ఇచ్చిన లేఖ, కొత్త షిఫ్టు షెడ్యూల్, ఇటీవలి పే స్లిప్పుల వంటి ఆధారాలుంటే వాదనకు బలం వస్తుంది. ఇదే సూత్రం రెండో వైపూ పనిచేస్తుంది. ఆదాయం పెరగడం ఖాయమైతే ట్రస్టీ ఎక్కువ కట్టమని అడగొచ్చు.

షెడ్యూల్ ఐ అనే ఫారంలో మూల జీతం ఒక గడిలో, నెలవారీ ఓటీ అంచనా వేరే గడిలో రాయాలి. ఏడాదిలోపు ఆదాయం మారుతుందా అనే ప్రశ్న కూడా అందులో ఉంటుంది.

ప్లాన్ మొదలయ్యాక

ఆమోదం వచ్చాక కూడా సెక్షన్ 1329 కింద ప్లాన్ మార్చుకోవచ్చు. ఓటీ పోతే వాయిదా తగ్గించమని అప్పుదారు అడగొచ్చు, ఆదాయం పెరిగితే పెంచమని ట్రస్టీ లేదా తాకట్టు లేకుండా అప్పిచ్చినవారు అడగొచ్చు. నిర్ణయం కోర్టుదే. ముందే అడగడం మేలు. వాయిదాలు తప్పితే కేసు కొట్టేసే ప్రమాదం ఉంది, అప్పుడు కోర్టు రక్షణ పోయి ఇంటి వేలం మళ్లీ మొదలవ్వొచ్చు.

ఓటీని కావాలని దాచడం అంతకన్నా ప్రమాదం. దివాలా కేసులో తెలిసి అబద్ధపు ప్రమాణం చేస్తే 5 ఏళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు.

ఇండియా నుంచి వెళ్లినవారికి ఈ పద్ధతి కొత్త. ఇక్కడి 2016 దివాలా చట్టంలో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబర్ 1 నుంచి కంపెనీ అప్పులకు హామీ ఉన్నవారికే వర్తింపజేశారు. అమెరికాలో కేసు వేసే ముందు కనీసం ఆరు నెలల పే స్లిప్పులు దగ్గర పెట్టుకుని, దివాలా కేసులు చూసే లాయర్‌తో ఓటీ సంగతి మొదటి రోజే చెప్పడం మంచిది.