హైదరాబాదు ప్రవాసి వీరేంద్రనాథ చట్టోపాధ్యాయుడు

హైటెక్ సిటీ మేడల వరుసను దాటి గచ్చిబౌలి మీదుగా పోవువారికి హైదరాబాదు విశ్వవిద్యాలయపు ప్రాకారము కనిపించును. కంప్యూటరు కార్యాలయములకు పోవు యువజనులు వేలకొలదిగా నిత్యము దాని ముందునుండియే సాగిపోవుచుందురు. 1974లో ఆ విశ్వవిద్యాలయము స్థాపింపబడినపుడు మొదటి నెలవు ఈ రాతిగుట్టల నడుమ కాదు. నగరమధ్యమున, ఆబిడ్సులోని గోల్డెన్ త్రెషోల్డు అను పాత భవనమున. అది సరోజినీ నాయుడు గారి ఇల్లని మన శ్రోతలలో చాలమందికి తెలిసియే యుండును. ఆమె పెద్దతమ్ముడు వీరేంద్రనాథుడు యౌవనమున ఈ ఊరు విడిచి, రాజకీయములలో మునిగి, పరదేశముల పత్రికలు నడపి, తుదకు లెనిన్‌గ్రాడు విద్యాపీఠమున శాఖాధిపతియై ముగిసిన వృత్తాంతము మాత్రము అంతగా ప్రచారములోనికి రాలేదు. ఆ కథనే నేడు చెప్పుకొందము.

తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులు వంగదేశీయులు. 1875లో ఎడింబరోలో విజ్ఞానశాస్త్రమున డాక్టరు పట్టము నందినవారు. నిజాము సంస్థానమునకు వచ్చి ఆయన నెలకొల్పిన కళాశాలయే తరువాత నిజాం కళాశాల యైనది. 1883లో చాందా రైలుమార్గపు ఒప్పందమును గూర్చి హైదరాబాదులో పెద్ద అలజడి లేచినది. షరతులను ప్రజలకు తెలుపనిదే ఒప్పుకొనరాదని పట్టుపట్టిన వారిలో అఘోరనాథులు ముందుండిరి. ఫలితముగా ఆయనను సంస్థానము నుండి వెడలగొట్టిరి. కొంతకాలమునకు మరల పిలిపించిరి. 1880 అక్టోబరు 31న పుట్టిన వీరేంద్రునకు అప్పటికి మూడేండ్లు నిండలేదు. బహిష్కారమను మాట ఆ ఇంటి పిల్లలు పాఠ్యపుస్తకములలో చదివి నేర్చినది కాదు.

ఈ నగరము అతనికిచ్చిన సొత్తు మరొకటి కలదు. అది భాషలు. ఇంట వంగభాష, వెలుపల తెలుగు, ఉర్దూ. వీటికి తోడు తమిళము, హిందీ, పారశీకము, ఆంగ్లము. ఇన్నింటి నడుమ పెరిగినవానికి ఇంకొక భాష నేర్చుట ఇంకొక వీథికి పోయివచ్చుట వంటిది. ఫ్రెంచి, ఇటాలియను, జర్మను, డచ్చి, రష్యను, స్కాండినేవియను భాషలు తరువాత వచ్చి చేరినవి. రాజకీయవాదిగా ఆయన గెలుపోటములను ఎట్లు తూచినను, ఈ సొత్తు మాత్రము తుదివరకు తరుగలేదని మా యభిప్రాయము.

1902లో ఆయన ఇంగ్లండు చేరినది ఐ.సి.ఎస్. పరీక్షకు. అందు నెగ్గక న్యాయశాస్త్రము చదువుటకై మిడిల్ టెంపులున చేరెను. శ్యామ్‌జీ కృష్ణవర్మ స్థాపించిన ఇండియా హౌస్ బృందముతో అక్కడనే పరిచయము కలిగినది. 1909 జూలైలో మదన్‌లాల్ ధింగ్రా కర్జన్ వైలీని కాల్చి చంపగా, వీరేంద్రనాథుడు సావర్కరును సమర్థించుచు టైమ్సు పత్రికకు లేఖ వ్రాసెను. మిడిల్ టెంపులు ఆయనను తొలగించినది. బారిస్టరు కావలసినవాడు ఒక్క లేఖతో పత్రికారచయిత యయ్యెను! 'తల్వార్' అను విప్లవపత్రిక ఆయన నడపినదే. 1910లో ప్యారిసు చేరి భికాజీ కామా గారి పక్షమున పనిచేసెను.

1914లో మహాసంగ్రామము ఆరంభమగునప్పటికి ఆయన జర్మనీలో నుండెను. బెర్లినులో ఏర్పడిన భారత స్వాతంత్ర్య సంఘమునకు ఆయనయే ప్రాణము. చంపకరామన్ పిళ్ళై, భూపేంద్రనాథ దత్తు, బర్కతుల్లా మున్నగువారు తోడుపడిరి. శత్రువునకు శత్రువు మనకు మిత్రుడగునను లెక్క అది. కైసరు మనకై యుద్ధము చేయుట లేదన్న సత్యము ఆ లెక్కలో సరిగా పడలేదు. ఆయుధములు గమ్యము చేరలేదు, తిరుగుబాట్లు ముందే బయటపడినవి. అయినను బ్రిటిషు గూఢచారులు ఆయనను విడువలేదు. స్విట్జర్లాండులో పట్టుకొనుటకు పన్నిన వల విఫలమైనది. గూఢచారిగా పనిచేసిన సోమర్సెట్ మామ్ 1928లో ప్రకటించిన 'ఆషెండెన్' కథలలో ఒక భారతీయ విప్లవకారుడు ప్రియురాలి మూలమున వలలో చిక్కి విషము మ్రింగును. ఆ పాత్రకు మూలము వీరేంద్రనాథుడే యందురు. కథలో ఆయనను చంపుట సులువైనది.

యుద్ధము ముగియుటకు ముందే, 1917లో, స్టాక్‌హోము చేరెను. 1921లో మాస్కోకు పోయి సోవియట్ సహాయమర్థించెను గాని, ఎం.ఎన్. రాయ్ పక్షముతో పొత్తు కుదరక బెర్లినునకు మరలెను. అక్కడ అమెరికా రచయిత్రి ఆగ్నెస్ స్మెడ్లీతో కొన్నియేండ్లు కాపురము. ఆమె 1929లో వెలువరించిన నవలలోని భర్త పాత్రలో ఆయన ఛాయ స్పష్టము. ఆ చిత్రణ ఆయనకు ఏమంత కీర్తికరము కాదు. నెహ్రూ గారు తమ ఆత్మకథలో 'చట్టో'ను స్మరించిరి: ఎల్లప్పుడు చేతిలో పైకము లేనివాడు, బట్టలు చివికినవాడు, అయినను ఉల్లాసము చెడనివాడు. 1927 ఫిబ్రవరిలో బ్రసెల్సులో సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘము పుట్టినపుడు నెహ్రూ గారు అందు పాల్గొనిరి. వీరేంద్రనాథుడు దాని కార్యదర్శులలో ఒకడయ్యెను. ఉత్తరములు, కరపత్రములు, నివేదికలు ఆయన కలము నుండి ఎడతెగక వెలువడినవి. ప్రవాసి రచన యనగా తరచు ఇంతే: నేటి అవసరమునకు వ్రాసినది రేపటికి చెత్తబుట్ట పాలగును. ఆయన పేరు నిలుపగల ఒక మహాగ్రంథము మనకు మిగులలేదు.

జర్మనీలో హిట్లరు బలము పెరుగుచుండగా 1930ల తొలియేండ్లలో ఆయన సోవియట్ దేశము చేరెను. లెనిన్‌గ్రాడులో, నీవా నది యొడ్డున, పీటరు చక్రవర్తి నాటి వస్తుప్రదర్శనశాలా భవనమున, విజ్ఞాన పరిషత్తువారి జాతిశాస్త్ర పరిశోధనాలయము కలదు. అందలి భారతదేశ శాఖకు ఆయన అధిపతి యయ్యెను. అక్కడనే ఇండొనేషియా జాతులను పరిశోధించుచున్న లిడియా కరునోవ్‌స్కయాను వివాహమాడెను. ఏబదియేండ్లు దాటిన తరువాత ఒక బల్ల, పుస్తకములు, జీతము, ఇల్లు! పోలీసులకు భయపడి ఊరు మార్చుటకు నేర్చిన భాషలు ఇపుడు విద్యకు పనికివచ్చినవి.

ఇట్టి మలుపు ఆ కాలపు ఐరోపాలో అరుదు కాదు. స్పెయిను గణతంత్రమున మంత్రిగా పనిచేసిన ఫెర్నాండో దె లోస్ రియోస్ ఫ్రాంకో గెలిచిన పిదప న్యూయార్కులో ఆచార్యుడై 1949లో అక్కడనే కన్నుమూసెను. ఆశ్రయమిచ్చిన దేశము ఆయనను అనుమానింపలేదు. మన హైదరాబాదు ప్రవాసికి ఆ భాగ్యము పట్టలేదు. విదేశములతో సంబంధమున్న ప్రతివానిని గూఢచారిగా చూచు కాలము లెనిన్‌గ్రాడునకు వచ్చినది. ఇరువదియేండ్లకు పైగా బ్రిటిషు గూఢచారులకు దొరకనివానిని, 1937 జూలైలో స్టాలిను పోలీసులు ఇంటినుండియే కొనిపోయిరి. సెప్టెంబరు 2న మరణదండన అమలు జరిగినది.

ఆ సంగతి బయటి లోకమునకు తెలియలేదు. ఆయన మరణసంవత్సరమును పలువురు పలువిధములుగా వ్రాసిరి. సరోజినీ దేవి 1949లో స్వర్గస్థులైరి. స్టాలిను పోయిన పిదప సోవియట్ ప్రభుత్వము ఆయనను నిర్దోషిగా ప్రకటించినది. సోవియట్ రహస్యపత్రములు చరిత్రకారుల చేతికి అందిన తరువాతనే నిజమైన తేదీ స్థిరపడినది. ఈ నడుమ, 1952 ఎన్నికలలో, ఆ ఇంటి మరియొక కుమారుడు, కవి హరీంద్రనాథుడు, విజయవాడ నుండి లోక్‌సభకు పోటీచేసి గెలిచెను. ఆయనను బలపరచినది కమ్యూనిస్టు పార్టీ. అన్న మరణించి అప్పటికి పదునాలుగేండ్లు దాటినది.