పుట్టినరోజు పండుగ - పిల్లల చేతిపనులు



రెండేండ్లక్రిందట మా కోడలు నాయొద్దకు వచ్చి, "మామయ్యా, వచ్చే నెలలో బాబుకు ఏడేండ్లు నిండుతవి. పన్నెండుమంది పిల్లలు వస్తరు. రెండు గంటలు వాళ్లచేత ఏమన్నా చేయించండి. మీరు పంతులుగారు గదా" అనెను. ముప్పదియేండ్లకుమించి బడిలో పాఠములు చెప్పినవాడనే గాని, యిట్టి పని నాకెన్నడును తటస్థింపలేదు. మేముండునది మూసాపేటలో నాలుగవ యంతస్తు. ఒకప్పుడది పల్లె, కూకటుపల్లి పురపాలకములోనిదై, 2007 లో మహానగరమున కలిసినది, 2017 నవంబరునుండి దాని నెత్తిమీదుగా మెట్రో రైలు పోవుచున్నది. మా యింటికి అరుగు లేదు, వాకిలి లేదు, పిడికెడు మన్ను లేదు.

పూర్వాచారమున పుట్టినరోజనగా జన్మతిథియే గాని తేదీ గాదు. అభ్యంగనము, క్రొత్తబట్ట, మార్కండేయాది చిరంజీవుల స్మరణము, నువ్వులు బెల్లము కలిపిన పాలు, కలిగినవారింట ఆయుష్యహోమము, పెద్దల యాశీస్సు. అందులో బిడ్డ కూర్చుండవలసినదే గాని చేయవలసిన పని యేమియు లేదు. చేతిపని మన పిల్లలకు వేఱు పండుగలయందుండెడిది. వినాయకచవితికి మట్టిబొమ్మ, సంక్రాంతికి బొమ్మలకొలువు, మన తెలంగాణమున బతుకమ్మకు ముందు బొడ్డెమ్మ. పుట్టమన్ను తెచ్చి, పిసికి, మెట్టుమెట్టుగా నిలిపి, పూలు గ్రుచ్చి, పాటలు పాడి, తుదకు నీటిలో విడుచునది పెండ్లికాని బాలికలే. ఎవరును వారికి నేర్పినట్లు కనబడదు. అక్క చేయగా చెల్లెలు చూచెడిది.

దీపములు గ్రుచ్చిన కేకు మనకు పరాయిది. పదునెనిమిదవ శతాబ్దినాటికే జర్మనీలో ఆ వాడుక కలదు. చిత్రమేమనగా, పిల్లల చేతిపనికి శాస్త్రమువంటిది కల్పించినవాడును ఆ దేశస్థుడే. ఫ్రోబెల్ అను నుపాధ్యాయుడు 1837 లో బ్లాంకెన్‌బర్గ్ అను చిన్న యూరిలో పిల్లల యాటపాటలకై యొక సంస్థ నెలకొల్పి, కాగితము మడచుట, పేలికలు అల్లుట, మట్టితో రూపములు చేయుట పాఠములుగా జేసెను. ప్రష్యా ప్రభుత్వమునకిది యపాయకరముగా దోచి, 1851 లో అట్టి బడులను నిషేధించినది. మఱుసటియేడే ఆయన గతించెను. కాగితపు పడవకు రాజ్యము భయపడుట నాకిప్పటికిని నవ్వు పుట్టించును.

మనదేశమున 1937 లో వార్ధా సభయందు గాంధీగారు చేతిపనిని విద్యకు నడుమనుంచిరి. ఆ ప్రణాళిక వ్రాసిన సంఘమునకు అధ్యక్షుడైన జాకిర్ హుస్సేనుగారు 1897 లో హైదరాబాదుననే జన్మించినవారు. అయితే వార్ధాపద్ధతిలో రాట్నము పని. దానికి ఫలము, వెల కావలయును. పుట్టినరోజు పిల్లలకు వెల యెందులకు? ఈ విషయమున నాకు రేడియో అన్నయ్యగారి త్రోవయే నచ్చినది. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు 1940 లో మదరాసున ఆంధ్ర బాలానంద సంఘమును, 1945 లో "బాల" పత్రికను స్థాపించిరి. 1956 లో హైదరాబాదునకు వచ్చిరి. పిల్లలకు వారిచ్చినది ముఖ్యముగా సంతోషము.

ఇంత చదివియు నేను తప్పు చేసితిని. చేర్యాల చిత్రకారులు చింతగింజల పిండిలో ఱంపపు పొట్టు కలిపి ముఖములు చేయుదురు. కొండపల్లివారు తెల్లపొణికి కఱ్ఱబొమ్మల కాలుసేతులు అదికించునదియు నట్టి మక్కుతోనే. దానిని పిల్లలచేత చేయింపవలెనని నేను గింజలు వేయించి, నానబెట్టి, విసరించి సిద్ధపఱచితిని. పిల్లలు ఉత్సాహముతో పిసికిరి. కాని మక్కు ఆఱుటకు దినములు పట్టునని యెఱిగియు మఱచితిని! చీకటిపడువేళకు తల్లులు వచ్చి పిలువగా, పన్నెండు ముఖములును పచ్చిగానే యుండెను. చేతుల కంటిన జిగటతప్ప వారింటికేమియు పోలేదు. "తాతా, నా దోస్తులకు ఏమీ ఇయ్యలేదు" అని మనుమడు గోడవైపు తిరిగి యేడ్చినాడు. కోడలు నన్నొక్క మాటయు ననలేదు. అది మఱింత కష్టముగా నుండెను.

మఱుసటియేడు పదిదినములముందే నేనును మనుమడును గూర్చుండి ముఖములు చేసి యెండబెట్టితిమి. అతిథులకు రంగులు వేయుటయే మిగిల్చితిమి. మూడు పనులు తలపెట్టక ఒక్కటే యుంచితిని. చిన్నవారిచేతికి కత్తెర నియ్యలేదు. నేలపై పాతచీర పఱపించితిని. మా యూరినుండి మా తమ్ముడు బస్సులో తెచ్చిన లేతతాటాకుతో, రంగు వేయుట ముందుగా ముగించినవారికి గిఱ్ఱలు చేయించితిని. ఆ గిఱ్ఱలు నాలుగవ యంతస్తు గాలికి బాగుగ తిరిగినవి.

పట్టణమున మనుమల పుట్టినరోజునకు పోవు పెద్దలు మీలో చాలమంది కలరు. మిఠాయిపొట్లముతోబాటు నాలుగు తాటాకులు, ఒక మూటెడు చెఱువుమన్ను తీసికొనిపొండు. మన్ను ముందుగా జల్లించుడు, ఱాళ్లుండును. మా తమ్ముడు ఈ యేడు రాలేనని కబురంపినాడు. ఆకెవరు తెత్తురని మనుమడు దినమును నన్నడుగుచునే యున్నాడు.