పన్ను కట్టే జనం, పొట్ట పెంచే నాయకుడు: కార్టూన్ల కథ

పన్నుల మీద గీసే వ్యంగ్య చిత్రాల్లో ఏ దేశంలోనైనా ఎక్కువగా కనిపించేది పొట్ట. కట్టేవాడు బక్కచిక్కి, తినేవాడు బలిసి ఉంటారు. బడ్జెట్ లెక్కలు చదవలేనివాళ్లకీ సంగతి ఒక్క చూపులో తెలిసిపోతుంది. పాలకులకు మంట పుట్టేదీ అందుకే.

1831లో ఫ్రాన్స్‌లో ఒనోరె దోమియే తమ రాజు లూయీ ఫిలిప్‌ను పెద్ద తిండిపోతుగా గీశాడు. పేదలు బుట్టల్లో తెచ్చిన డబ్బును నౌకర్లు చెక్క మీదుగా మోసుకెళ్లి రాజు నోట్లో పోస్తుంటారు. ఆయన కుర్చీ కింద నుంచి రాలే పదవుల కోసం అనుచరులు గుమిగూడి ఉంటారు. ఈ బొమ్మకు దోమియేకి పడిన శిక్ష 6 నెలల జైలు, 500 ఫ్రాంకుల జరిమానా.

మన దేశంలో ఈ పనికి పూనుకున్న తొలి పత్రికల్లో ఒకటి ఉర్దూ వారపత్రిక ‘అవధ్ పంచ్’. లండన్ ‘పంచ్’ను చూసి 1877లో లక్నోలో మున్షీ సజ్జాద్ హుసేన్ మొదలుపెట్టారు. అక్బర్ ఇలాహాబాదీ అందులో రాసేవారు. 1857 తిరుగుబాటుతో ఖాళీ అయిన ఖజానా నింపడానికి బ్రిటిష్‌వాళ్లు 1860లో ఇన్‌కంటాక్స్ తెచ్చారు. అలాంటి పన్నుల్ని ఈ పత్రిక ఎగతాళి చేసింది. ఉర్దూ అంటే గజలే అనుకునేవాళ్లు దీని పేరు విని ఉండరు.

తెలుగు కార్టూన్‌కు ఆద్యుడు తలిశెట్టి రామారావు. రాజోలు వైపువాళ్లు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి అవతల దిగితే నరసాపురం, అది బాపు పుట్టిన ఊరు. రోజూ పేపర్లో నాయకుల్ని నిలదీసే అలవాటు మాత్రం ‘ఈనాడు’లో శ్రీధర్ వేసిన ‘ఇదీ సంగతి’తో బలపడింది. ‘డెక్కన్ క్రానికల్’లో షేక్ సుభానీ బొమ్మలదీ అదే దారి.

సరుకుకు కొదవేం లేదు. 2021లో రాష్ట్రంలోని పట్టణాల్లో మొదలైన చెత్త పన్నును రద్దు చేస్తున్నట్టు 2024 అక్టోబరు 2న ముఖ్యమంత్రి ప్రకటించారు. కోనసీమకు ఇంకా దగ్గరిది కొబ్బరినూనె గొడవ. చిన్న సీసాలోది వంటకైతే 5 శాతం జీఎస్టీ, తలకైతే 18 శాతం. అది వంటనూనా, తలనూనా అన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తలనూనె అని ముద్ర లేకపోతే చిన్న సీసా అయినా వంటనూనే అని 2024 డిసెంబరులో కోర్టు తేల్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి తలనూనె కూడా 5 శాతంలోకే వచ్చింది. అంబాజీపేట మార్కెట్లో సీసా వాసన చూస్తున్న టాక్స్ ఆఫీసర్‌ని గీస్తే, కింద ఒక్క మాట కూడా రాయక్కర్లేదు.