చెరువు, చెట్టు, పక్షి: గ్రామసమాజాల కాపుదల - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

దక్షిణభారతంలోని కొన్ని గ్రామాలు తరతరాలుగా నీటిపక్షుల గూళ్ళను కాపాడుతూ వచ్చాయి. ఈ కాపుదల కేవలం కరుణవల్లనో విశ్వాసంవల్లనో నిలిచినది కాదనీ, చెరువుమీద గ్రామానికి ఉన్న హక్కులతో, బాధ్యతలతో ముడిపడి నిలిచిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వేడంతాంగల్ కౌలు మొదలుకొని వీరాపురం వరకు గల ఉదాహరణల ద్వారా ఆ ముడి ఎక్కడ సడలిందో పరిశీలిస్తుంది.

ముఖ్యపదాలు: చెరువు, కౌలు, కుడిమరామత్తు, నీటిపక్షులు, వీరాపురం, కొల్లేరు.

ఉపోద్ఘాతం

తెలుగువారి సాంస్కృతిక చరిత్రలో తటాకనిర్మాణం సప్తసంతానాలలో ఒకటి. వనప్రతిష్ఠ కూడా అదే వరుసలో ఉంది. క్రీ.శ. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను, పరిహరించవలసిన ఆరు దోషాలను పేర్కొంది. అయితే చెరువు తవ్వించిన దాత పేరు శాసనంలో నిలిచినట్లు, దానిని ఏటేటా నిలబెట్టినవారి పేర్లు నిలవలేదు. కట్టకు మట్టి పోసినవారు, పూడిక తీసినవారు, తూము కాసిన నీరుగంట్లు చెరువు చరిత్రలో రెండవ సగానికి కర్తలు. రాయలసీమలో విస్తృతంగా కనిపించే దశబంధ ఇనాము ఈ పోషణను గుర్తించిన ఏర్పాటే. చెరువును నిర్మించినవారికి, మరమ్మతు బాధ్యత వహించినవారికి దానికింది సాగుభూమిలో కొంత భాగాన్ని ఇనాముగా ఇచ్చేవారు. బాధ్యత ఉన్నచోట హక్కు కూడా ఉండాలన్నది ఇందులోని సూత్రం. చెరువు పక్షుల కాపుదలను కూడా ఈ సూత్రం వెలుగులోనే చూడవలసి ఉంటుంది.

వేడంతాంగల్ కౌలు

ఇందుకు లిఖితరూపంలో లభించే తొలి ఆధారాలలో ఒకటి నేటి తమిళనాడులోని చెంగల్పట్టు ప్రాంతానిది. 'వేటగాని విడిది' అనే అర్థం గల వేడంతాంగల్‌లో ఒక చిన్న నీటిపారుదల చెరువు ఉంది. అందులో నీట నిలిచి పెరిగే చెట్లపై కొంగలు, నీటికాకులు, కంకణాలు గూళ్ళు కట్టుకుంటాయి. పద్దెనిమిదవ శతాబ్దం చివర ఆంగ్ల సైనికులు ఈ పక్షులను కాల్చినప్పుడు గ్రామస్థులు కలెక్టరుకు మొరపెట్టుకున్నారు. 1798లో కలెక్టరు లయొనెల్ ప్లేస్ పక్షులను కాపాడుకునే హక్కును గుర్తిస్తూ వారికి ఒక కౌలు ఇచ్చాడు. 1858లో ఆ హక్కు పునరుద్ధరణ పొందింది. ఆ స్థలం అధికారికంగా పక్షి సంరక్షణకేంద్రం కావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఇక్కడ 'కౌలు' అనే మాట గమనింపదగినది. మాట, హామీ అనే అర్థాలు గల అరబ్బీ 'ఖౌల్' నుంచి వచ్చిన ఈ పదం నేటి తెలుగులో భూమిని సాగుకు తీసుకునే ఒప్పందానికి పరిమితమైంది. వేడంతాంగల్ పత్రంలో దాని పాత అర్థమే ప్రధానం. అది ప్రభుత్వం గ్రామానికి ఇచ్చిన మాట. పక్షుల సంరక్షకునిగా అందులో గుర్తింపు పొందినది ప్రభుత్వం కాదు, గ్రామం.

గ్రామస్థుల మొరకు ఆర్థికకారణం కూడా ఉంది. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలానికి ఎరువుగా పనిచేస్తుంది. పక్షి పోతే ఆ సారం పోతుంది. ఈ ప్రయోజనదృష్టి వారి ప్రేమను తక్కువ చేయదు. ప్రేమ ఇన్ని తరాలు నిలవడానికి దోహదం చేసిన ఆధారాన్ని మాత్రం చూపుతుంది.

1858: రెండు ధోరణులు

వేడంతాంగల్ హక్కు పునరుద్ధరణ పొందిన 1858లోనే మద్రాసు నిర్బంధశ్రమ చట్టం వచ్చింది. చెరువుకట్టలకు, కాలువలకు ప్రమాదం ఏర్పడినప్పుడు గ్రామస్థులచేత పని చేయించడానికి ఈ చట్టం అధికారులకు వీలు కల్పించింది. ఆచారసిద్ధమైన కుడిమరామత్తును, అంటే రైతులు చెరువుకు తామే చేసుకునే మరమ్మతును, చట్టబద్ధమైన విధిగా మార్చింది. ఒకే ప్రెసిడెన్సీలో, ఒకే ఏడాది, ఒక పత్రం గ్రామం హక్కును గుర్తించగా మరొక శాసనం గ్రామం బాధ్యతను మాత్రమే అమలుపరచబూనింది. తరువాతి కాలంలో చెరువుల పాలన ఈ రెండవ దారినే పట్టింది. ఇనాములు క్రమంగా రద్దయ్యాయి. చెరువు ప్రభుత్వశాఖల ఆస్తి అయింది. హక్కు పోయినచోట కుడిమరామత్తు కూడా క్షీణించింది.

తెలుగునాట కాపుదల గ్రామాలు

ఈ మార్పుల మధ్య కూడా కొన్ని తెలుగు గ్రామాలు పక్షులను కాపాడుతూ వచ్చాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో పెలికాన్లుగా ప్రసిద్ధమైన గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ జాతి కొంగలు ఊరిచెట్లపై గూళ్ళు కడతాయి. అదే జిల్లా తేలుకుంచికి వానాకాలంలో ఓపెన్‌బిల్ స్టార్క్ జాతి కొంగలు వస్తాయి. వాటి ప్రధానాహారం నత్తలు కనుక వరిపొలంతో వాటి సంబంధం రైతుకు అనుభవంలోనిదే. గుంటూరు సమీపంలోని ఉప్పలపాడులో ఊరిచెరువులోని చెట్లే పక్షులకు నివాసం. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని వీరాపురంలో ఇళ్ళ నడుమ ఉన్న చింతచెట్లపై పెయింటెడ్ స్టార్క్ కొంగలు పిల్లలను పెంచుతాయి. కొంగలు వస్తే వానలు కురుస్తాయని, ఊరికి మేలు జరుగుతుందని ఇటువంటి గ్రామాలలో విశ్వసిస్తారు. ఈ విశ్వాసానికి వారు చెల్లించే మూల్యం తక్కువేమీ కాదు. గూళ్ళున్న చెట్టునుంచి చింతపండు రాబడి తగ్గుతుంది. నెలల తరబడి రెట్ట, చేపల కంపు ఇంటిముంగిట భరించాలి.

అయినా వీరాపురం ఎదుర్కొంటున్న సమస్య చెట్టువద్ద లేదు, చెరువువద్ద ఉంది. ఈ కొంగ లోతు తక్కువ నీటిలో ముక్కు ముంచి, తగిలిన చేపను పట్టి బతుకుతుంది. చెరువులు మెల్లగా ఇంకుతూ చేపలు ఒకచోట చేరే కాలం దాని పిల్లల పెంపకానికి అనుకూలం. అనంతపురం ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అక్కడ వాగునీటి దారులు మూసుకుపోయినా, భూగర్భజలం అడుగంటినా చెరువు నిండడం అరుదవుతుంది. చెరువులు ఎండిన ఏళ్ళలో వీరాపురానికి కొంగల రాక తగ్గింది. చెట్టుపై రాయి పడకుండా గ్రామం చూడగలదు. అనేక గ్రామాల పరిధిలో పరచుకున్న చెరువులను ఒక్క ఊరు నింపలేదు.

హద్దు గీసిన రక్షణ

కొల్లేరు చరిత్ర దీనికి మరో పార్శ్వం. కొల్లేటి ప్రాంతంలోని ఆరేడు గ్రామంలో పెద్దసంఖ్యలో గూడబాతులు గూళ్ళు కట్టేవని కె. కె. నీలకంఠన్ 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వివరించాడు. 1970ల నాటికి ఆ స్థావరం అంతరించింది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందింది. అయిదో కాంటూరు వరకు హద్దు నిర్ణయించి, 2006లో చేపలచెరువుల గట్లు తొలగించారు. హద్దుమీద, జీవనోపాధిమీద వివాదం ఆ తరువాత కూడా కొనసాగింది. గూళ్ళున్న కాలంలో గ్రామంతో ఒప్పందం కుదరలేదు. హద్దు గీసిన కాలానికి ఆరేడులో గూళ్ళు లేవు. సరస్సును నమ్ముకున్న ప్రజలను భాగస్వాములుగా చేయని హద్దు వారికి రక్షణగా కనిపించదు, నిషేధంగా కనిపిస్తుంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972కు 2002లో చేసిన సవరణ 'కమ్యూనిటీ రిజర్వు' అనే వర్గాన్ని చేర్చింది. కర్ణాటకలోని కొక్కరెబెళ్ళూరుకు 2007లో ఆ హోదా లభించింది. అక్కడ గూళ్ళున్న చెట్ల యజమానులకు ఫలసాయనష్టానికి పరిహారం చెల్లించే పద్ధతి అంతకుముందే ఉంది. వేడంతాంగల్ కౌలులోని భావన రెండు శతాబ్దాల తరువాత మళ్ళీ చట్టంలోకి వచ్చిందనవచ్చు. అయితే ఈ హోదా వ్యక్తులకో సమాజానికో చెందిన భూమికే వర్తిస్తుంది. గూడున్న చింతచెట్టు దీని కిందికి రాగలదు. మేత దొరికే ప్రభుత్వచెరువు రాదు. జీవవైవిధ్య చట్టం, 2002 కింద సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వస్థలమైంది. దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి జలాశయం అదే. చెరువునే రక్షణ ప్రమాణంగా తీసుకోవడం ఇందులో విశేషం. నీరు వచ్చే దారులకు కూడా ఆ రక్షణ విస్తరించినప్పుడే అది సార్థకమవుతుంది.

ముగింపు

ఈ ఉదాహరణలవల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, గ్రామాల పక్షిసంరక్షణ చెరువు నిర్వహణనుంచి విడదీయరానిది. రెండవది, హక్కును తొలగించి బాధ్యతను మాత్రమే మిగిల్చిన విధానాలు ఆ సంరక్షణను బలహీనపరిచాయి. మూడవది, గూడున్న ఊరికి మాత్రమే పరిమితమైన గుర్తింపు చాలదు. మేతచెరువుల గ్రామాలన్నీ అందులో భాగస్వాములు కావాలి. వీరాపురం వంటి చోట్ల ఏ చెరువు ఎప్పుడు నిండేదో, కొంగలు ఏ దిక్కుకు మేతకు వెళ్ళేవో చెప్పగల వృద్ధులు ఇంకా ఉన్నారు. వారి జ్ఞాపకాన్ని ఇనాము రికార్డులతో, చెరువు పటాలతో కలిపి సేకరించడం తెలుగు పరిశోధన వెంటనే చేపట్టవలసిన పని. ఏ చెరువులకు నీరు తిరిగి చేరితే కొంగలు నిలుస్తాయో ఆ సమాచారమే చూపగలదు. కాపుదల గ్రామాలకు ప్రభుత్వం మళ్ళీ ఒక కౌలు ఇవ్వదలిస్తే అందులో చెట్లతోపాటు ఆ చెరువుల పేర్లు కూడా చేరాలి.